డిమాండు లేని దీక్ష

మా నాయిన నన్ను గుమ్మి అని పిలిచేవాడు. గుమ్మి అంటే ఊళ్లో వడ్లు పోసుకునే పెద్ద వెదురు బుట్ట. పేడతో అలికి, ఇంట్లో ఓ మూలన నిలబెడతారు. దాన్ని వాటేసుకోవాలంటే ఒక్క మనిషి చేతులు చాలవు. నల్గొండ జిల్లాలో వానలు ఎగ్గొట్టిన ఏళ్లలో పెరిగిన మా నాయినకి నిండిన గుమ్మిని మించిన అందమైన వస్తువు లోకంలో లేదు. నేను పుట్టినప్పుడు బుగ్గలూ పొట్టా చూసి మురిసిపోయి ఆ పేరు పెట్టాడట. అంతవరకూ నాకేం పేచీ లేదు. కానీ ముద్దుపేరు అన్నాక ఇంట్లో ఉంచుకోవాలి. బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి దిల్‌సుఖ్‌నగర్ నడిబొడ్డున అరవకూడదు.

ఆయన అరిచాడు. మా నాయిన సిటీ బస్సు కండక్టరు. ఎల్‌బీ నగర్ నుంచి కోఠి పోయే ఆయన బస్సు మా కాలేజీ ముందు నుంచే వెళ్లేది. కాలేజీ అంటే పెద్దగా ఊహించుకోకండి. చీరల కొట్టు పైన మూడో అంతస్తులో ఇంటర్ కోచింగు. ఓ రోజు నేను అన్నం డబ్బా ఇంట్లో మరిచిపోయి వచ్చాను. నాయిన డ్యూటీలో ఉండి కూడా దాన్ని మోసుకొచ్చాడు. మా సెక్షన్ మొత్తం బస్‌స్టాప్‌లో మూగి ఉన్న సమయంలో బస్సు నెమ్మదించింది, విజిల్ మోగింది, తలుపులోంచి ఓ చేయీ, ఓ డబ్బా, ఆ వెనకే ఆ గొంతూ బయటికొచ్చాయి.

"గుమ్మీ... డబ్బ మర్శినవ్."

టికెట్ టికెట్ అని పాతికేళ్లు అరిచి తేలిన గొంతు అది. బస్సు వెళ్లిపోయింది. నేనూ డబ్బా మిగిలాం. గుమ్మి అంటే ఏంటని ఒక ఆంధ్రా పిల్ల అడిగింది. మా నల్గొండ పిల్లే ఇంకొకతి, దేశానికి సేవ చేస్తున్నట్టు, రెండు చేతులూ చాపి అదెంత ఉంటుందో చూపించింది. మధ్యాహ్నానికల్లా నా అసలు పేరు అటెండెన్సు రిజిస్టరులో తప్ప ఎక్కడా లేకుండా పోయింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆ రోజు అది ఎందుకో పైకి రాలేదు, లోపలికి పోయింది. ఇంటికి వెళ్లి అద్దం ముందు నిలబడ్డాను. మా ఇంట్లో ఉన్నది ముఖం మాత్రమే కనిపించే అద్దం. కాబట్టి స్టూలెక్కి నడుమూ, ఇంకాస్త పైకి జరిగి పొట్టా, పక్కకి తిరిగి జబ్బలూ చూసుకున్నాను. అలా ముక్కలు ముక్కలుగా చూసుకుంటే ఏ మనిషైనా భయంకరంగానే ఉంటుందని పదిహేడేళ్ల పిల్లకి ఎవరు చెప్పాలి? ఆ సాయంత్రమే అన్నం మానేయాలని నిశ్చయించుకున్నాను.

పద్ధతి సులువు. పొద్దున "కాలేజీల తింట", సాయంత్రం "కాలేజీల తిన్న". డబ్బాలోది కాలేజీ వెనక సందులో కుక్కలకి పోసేదాన్ని. కొన్నాళ్లకి ఆ సందు కుక్కలే గుమ్ముల్లా తయారయ్యాయి. నన్ను చూడగానే తోకలూపుతూ కాలేజీ మెట్ల దాకా వచ్చేవి. వాచ్‌మన్ నన్ను కుక్కల అమ్మాయి అనేవాడు. గుమ్మి కంటే అదే నయమనిపించేది.

ఆ రోజుల్లోనే ఓ డాక్టరమ్మ మా కాలేజీకి వచ్చి, మీ వయసులో ఆరోగ్యాన్ని పాడుచేసే అలవాట్లు ఇవీ అని మాట్లాడింది. సిగరెట్లంది. సగం మంది మగపిల్లలు అప్పుడే వెనక టీ కొట్టు నుంచి వచ్చారు, గది అంతా అదే వాసన. గుట్కా అంది. ఒకడు బుగ్గలో అది పెట్టుకునే కూర్చున్నాడు, ఆమె ఏదో అడిగితే నోరు తెరవలేక నమస్కారం పెట్టాడు. ఒకే బండి మీద ముగ్గురెక్కడమంది, పరీక్షల ముందు నిద్ర మానడమంది. నేను ఒక్కొక్కటీ వింటూ, నాకివేవీ లేవని గర్వపడుతూ కూర్చున్నాను. అన్నం మానేయడం గురించి కూడా ఆమె చెప్పే ఉంటుంది. నా చెవులు ఆకలికి గుయ్యిమంటున్నాయి, నాకు వినపడలేదు.

ఒళ్లు తగ్గింది, కాదనను. చుడీదార్లకి రెండు పక్కలా పిన్నీసులు పెట్టుకోవలసి వచ్చింది. కానీ మూడో అంతస్తు ఎక్కేలోపు రెండుసార్లు కూలబడేదాన్ని. దువ్వెన నిండా జుట్టు. అందరూ ఫ్యాను కింద చోటు కోసం కొట్టుకుంటుంటే నేను చున్నీ కప్పుకుని వణికేదాన్ని. పొద్దున చదివిన ఫిజిక్సు మధ్యాహ్నానికి ఎటు పోయేదో తెలిసేది కాదు. అన్నిటికంటే పాడు సంగతి, నాకు నవ్వు రావడం ఆగిపోయింది. మా క్లాసులో నవ్వడానికి కొదవలేదు. అందరూ నవ్వుతుంటే, వీళ్లకి అంత ఓపిక ఎక్కడిదా అని చూస్తూ ఉండేదాన్ని. ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఏడుపొచ్చేది ఒక్క ఆ విషయానికే.

ఇంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. నాయిన ఖాకీ చొక్కా కొక్కేనికి తగిలించి, పొద్దున్నే ఎల్‌బీ నగర్ చౌరస్తా టెంటుకి పోయి కూర్చునేవాడు. అక్కడ రిలే నిరాహార దీక్షలు జరుగుతున్నాయి, అంటే ఈ రోజు కొందరు, రేపు మరికొందరు. బడులూ కాలేజీలూ మూతబడ్డాయి. మా కోచింగు వాళ్లు మాత్రం రోలింగ్ షట్టర్ సగం దించి, మమ్మల్ని వంగబెట్టి లోపలికి తోసి, గుసగుసగా పాఠాలు చెప్పేవారు. రోడ్డు నిండా పోలీసులు. వెనక సందు తలుపుకి తాళం వేశారు. దాంతో నా డబ్బా నిండుగానే ఇంటికి తిరిగొచ్చింది.

మా అమ్మ డబ్బా మూత తీసింది. అన్నం, చిక్కుడుకాయ కూర, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆమె డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది, మోగుతున్న టీవీ వైపు చూసింది. టీవీలో ఎవరో దీక్షలో సొమ్మసిల్లి పడుకుని ఉన్నారు. నా బుర్రలో అప్పటికి కడుపునొప్పి, తలనొప్పి, చిక్కుడుకాయలో పురుగు, ఇలా అబద్ధాలు వరసగా సిద్ధమవుతున్నాయి. ఒక్కటీ చెప్పే అవసరం రాలేదు.

"తెలంగాణ కోసమా, బిడ్డా?" అంది అమ్మ. ఆమె కళ్లలో నీళ్లు.

అంత మంచి అబద్ధం నాకు ఏడు జన్మలెత్తినా తట్టేది కాదు. తల వంచుకున్నాను. అమ్మ దాన్ని అవునని తీసుకుంది. మామూలుగా అయితే అన్నం వదిలేస్తే ఆమె చేతిలో గరిట గాల్లోకి లేస్తుంది. ఇప్పుడు తిట్టడానికి లేదు. తెలంగాణని ఎట్లా తిడుతుంది? చెంగుతో కళ్లు తుడుచుకుని, గల్లీలో చెప్పడానికి వెళ్లింది.

మేం మేడ మీద గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. కింద ఓనరాంటీ. వాళ్లది కృష్ణా జిల్లా. చాలా మంచిది, చాలా భయస్తురాలు. సంగతి తెలిసి గిన్నెతో పప్పుచారు పట్టుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఏమ్మా, మా మీదేనా నీ కోపం?" అంది.

"కాదాంటీ."

"మరి అన్నం మానేశావంట. మేం వెళ్లిపోతే తింటావా? పోనీ వెళ్దామంటే ఇల్లు మాదేనాయె. అద్దెకుంది మీరు. ఎవరు ఎవర్ని ఖాళీ చేయించాలో నాకు అర్థం కావట్లేదు తల్లీ."

"మీరెందుకు పోవాలాంటీ?"

"అయితే ఈ పప్పుచారు తాగు. పప్పుచారుకి రాజకీయాలుండవు."

దాని వాసన ముక్కుకి తగలగానే నా కడుపు లోపల ఎవరో లేచి నిలబడ్డారు. అయినా వద్దన్నాను. ఆంటీ ముఖం చిన్నబోయింది. మా చేతిది తినదన్నమాట అనుకుంటూ గిన్నె మీద మూత పెట్టుకుని దిగిపోయింది. నాకు గట్టిగా పిలిచి, అది కాదాంటీ, నేను లావుగా ఉన్నానంతే అని చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. ఉద్యమం కోసం కడుపు మాడ్చుకోవడానికి గౌరవం ఉంది గానీ నడుము కోసం మాడ్చుకుంటే ఏముంది, నవ్విపోతారు.

సాయంత్రం నాయిన వచ్చాడు. అమ్మ సంగతంతా చెప్పి, ఆయన పొంగిపోతాడని ఎదురుచూసింది. ఆయన పొంగలేదు. చుడీదారు పిన్నీసుల వైపు కాసేపు చూశాడు. చేయి కడుక్కుని తిన్నాడు. తిన్నాక నాతో అన్నాడు, "రేపు నాతోని టెంటు కాడికి రా. ఇంట్ల కూసోని చేస్తె దీక్షని ఎవ్వలకు ఎరుక?"

"పోరి సగమైంది, ఎండల కూసుంటదా?" అంది అమ్మ.

"కూసుంటది. నేనుంట గద," అన్నాడు నాయిన.

ఇంతకాలం దొంగతనంగా చేసిన పని ఇప్పుడు మెడలో దండ వేసుకుని చేయాలి.

టెంటు కింద ఓ పది మంది కూర్చుని ఉన్నారు. పక్కన డప్పులు, పాటలు. టెంటుకి పెద్ద ఓ రిటైరైన పంతులు. నా మెడలో బంతిపూల దండ వేసి, ఆప్యాయంగా అడిగాడు.

"పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?"

"ఏం తినలే సార్."

పక్కన కూర్చున్న వాళ్లంతా నా వైపు తిరిగారు. వాళ్ల ముఖాల్లో భక్తి లేదు, కంగారు ఉంది.

"ఉత్త కడుపుతోనే ఒచ్చినవా?" అన్నాడు పంతులు. "రిలే దీక్షంటే గట్ల గాదు బిడ్డా. పొద్దుగాల దబాయించి తిని కూసోవాలె. పొద్దుమూకంగ లేశి తినాలె. నడిమిట్ల తినకుంటె సాలు. నేనైతే రొట్టెలు, తలకాయ కూర తినొచ్చిన."

"నేను ఇడ్లి తిన్న, మల్ల మనసొప్పక చద్దన్నం గూడ తిన్న," అన్నాడు పక్కాయన.

ఇంకొకాయన గొంతు తగ్గించి, రేపటి నుంచి పెసరట్టు తినమనీ, అది మధ్యాహ్నం దాకా కడుపులో నిలబడుతుందనీ సలహా ఇచ్చాడు. ఆ టెంటు మొత్తం మీద నిజంగా ఏమీ తినకుండా కూర్చున్నది నేనొక్కదాన్నే. నాకొక్కదానికే తెలంగాణతో సంబంధం లేదు.

మధ్యాహ్నానికి టెంటు గుడ్డ వేడెక్కింది. బంతిపూలు కూడా తినేవిగా కనిపించడం మొదలైంది. అప్పుడు ఆటో దిగి, ఓ చేతిలో గొడుగూ, ఇంకో చేతిలో టిఫిన్ క్యారేజీతో వచ్చింది ఎవరనుకున్నారు, మా ఓనరాంటీ. నన్ను చూసిపోదామని వచ్చింది. చుట్టూ జై తెలంగాణ అని అరుస్తుంటే బిక్కుబిక్కుమంటూ టెంటు గుంజని పట్టుకుని నిలబడింది. టెంటు కుర్రాడెవరో ఆమె యాస విని, ఆంధ్రా నుంచి మద్దతుకి వచ్చిందనుకుని, మెడలో కండువా వేసి తెచ్చి నా పక్కన కూర్చోబెట్టాడు. మైకులో చెప్పాడు కూడా. అందరూ చప్పట్లు కొట్టారు.

"నేను పిల్లని చూసిపోదామని వచ్చానండీ," అని ఆంటీ అంటూనే ఉంది. డప్పుల్లో ఎవరికీ వినపడలేదు.

"మా ఆయన టీవీలో చూస్తే నన్ను ఇంట్లోకి రానివ్వడు," అంది నా చెవిలో. కాసేపాగి, "ఆకలేస్తోందమ్మా," అంది. ఇంకాసేపటికి నా చేయి తన చేతిలోకి తీసుకుంది. "ఇంత ఎండలో ఇంత చల్లగా ఉందేంటి నీ చెయ్యి?" అని రెండు చేతులతో రుద్దుతూ కూర్చుంది. నాకు ఏడుపు ఆగలేదు. జనం అది తెలంగాణ మీద ప్రేమ అనుకున్నారు.

దీక్షకి ఒక పద్ధతుంది. కూర్చోవడం ఎవరికి వారే కూర్చుంటారు, లేవడం మాత్రం ఎవరికి వారు లేవకూడదు. సాయంత్రం పెద్దవాళ్లెవరో వచ్చి నిమ్మరసం తాగించాలి, అప్పుడే లేవాలి. పంతులు ఒక్కొక్కరికీ గ్లాసు అందిస్తూ వచ్చాడు. వాళ్లు గటగటా తాగి లేచిపోయారు. ఆంటీ అయితే ఇంకో గ్లాసు అడిగింది. నా వంతు రాగానే నాయిన పంతులు చేతిలోంచి గ్లాసు తీసుకుని నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

గ్లాసు అడుగున కరగని చక్కెర కనిపించింది. ఇన్నాళ్లు పడ్డ కష్టమంతా ఆ చక్కెరలో కలిసిపోతుందని భయమేసింది. నవ్వకండి, నిజంగా చావంత భయమేసింది. పెదాలు బిగించాను. కళ్ల ముందు నాయిన ముఖం ఓసారి రెండుగా కనిపించి మళ్లీ ఒకటైంది. తాగకపోతే ఈ రోజు ఇక్కడే పడిపోతానని నాకు తెలుస్తూనే ఉంది. అయినా నోరు తెరుచుకోలేదు.

"నీ డిమాండ్ ఏందో జెప్పు," అన్నాడు నాయిన మెల్లగా.

"తెలంగాణ."

"అది నాది. నీది జెప్పు."

నేను దండలోని బంతిపూల రేకులు గిల్లాను.

"దీక్షంటె ఒక డిమాండ్ ఉండాలె బిడ్డా. దాన్ని ఇనేటోడు ఒకడుండాలె. రెండు లేకుంటె ఎవ్వడు లేపుతడు నిన్ను? నేను ఇంటున్న. జెప్పు."

నా లోపలికి పోయిన కోపం ఇన్నాళ్లకి పైకొచ్చింది.

"నన్ను గుమ్మి అని పిలువొద్దు. నువ్వు బస్సుల కెల్లి ఒర్రినవ్. కాలేజీల అందరు గదే అంటున్నరు. ఇగ పిలువొద్దు."

ఆయన ఎవరినో పట్టుకుని తన్నడానికి సిద్ధపడి వచ్చి ఉంటాడు. ఆ ఎవరో తనే అవుతాడని అనుకోలేదు. తప్పు స్టాపులో దిగిన ప్రయాణికుడిలా ఓ క్షణం అటూ ఇటూ చూశాడు.

"గందుకేనా?"

"గందుకే."

"మంజూర్," అన్నాడు. "ఇగ పిలువ. తాగు."

తాగాను. జనం జై తెలంగాణ అన్నారు. డప్పులు ఆగకముందే ఆంటీ క్యారేజీ విప్పింది. పెరుగన్నం. పంతులు కూడా ఓ ముద్ద అడిగి పెట్టించుకున్నాడు.

బస్సులు లేవు కదా, ఆంటీతో కలిసి ముగ్గురం ఓ ఆటోలో ఇంటికి బయల్దేరాం. నాది తెలంగాణ దీక్ష కాదని నీకెట్ల తెలిసింది నాయినా అని అడిగాను.

"దీక్ష చేసేటోళ్లు అద్దంల చూసుకుంటరా బిడ్డా? టీవీల చూసుకుంటరు," అన్నాడు. "నువ్వు స్టూలెక్కుడు సూత్తనే ఉన్న. తినుమంటె తిన్న అంటివి. ఏం చెయ్యాల్నో నాకు సమజ్ గాలే. టెంటు కాడ ఐతే ఎంత మొండోళ్లకైన నిమ్మరసం తాపుతరు గద అని తోలుకొచ్చిన."

ఆంటీ మెడలో ఉండిపోయిన కండువాని నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకూ వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చింది కదా, దాంతో పాటు ఎక్కిళ్లు కూడా వచ్చాయి. మా గల్లీ మొదట్లో ఆంటీ కండువా తీసి క్యారేజీ అడుగు గిన్నెలో దాచింది.

ఒక్క గ్లాసు నిమ్మరసంతో అంతా బాగైపోయిందని చెప్తే అబద్ధం. దవాఖానకి తిరిగాం, మందులు మింగాను, ప్రతి ముద్దకీ భయపడ్డాను, కొన్ని రోజులు మళ్లీ మొదటికి కూడా వచ్చాను. అమ్మకి మాత్రం దీక్ష వల్ల వచ్చిన నీరసమే అన్నాం, అసలు సంగతి చెప్పలేదు. తెలంగాణలో నాకూ కొంచెం వాటా ఉందని ఆమె ఇప్పటికీ చుట్టాలకి చెప్తుంది. కాలేజీలో పేరు వెంటనే పోలేదు. కానీ ఒంట్లోకి ఓపిక వచ్చాక కోపం కూడా దాని చోటుకి అది వచ్చింది. ఆ గుట్కా బుగ్గవాడు ఓసారి గుమ్మి అనబోతే, ముందు నోట్లోది ఉమ్మేసి వచ్చి మాట్లాడు బిడ్డా అన్నాను. క్లాసంతా వాణ్ణి చూసి నవ్వింది, అందరికంటే ఎక్కువ నేను నవ్వాను.

నాయిన మాట మీద నిలబడ్డాడు. అలవాటు కొద్దీ "గు" దాకా వచ్చి, నాలుక కరుచుకుని, "గుడ్ మార్నింగ్" అని ముగించేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి కూడా గుడ్ మార్నింగే. కొన్నాళ్లు మేడం అన్నాడు, కొన్నాళ్లు ఓ పిల్లా అన్నాడు. ఏదీ అతకలేదు. ఇంట్లో ఏదో వస్తువు తీసేసినట్టు బోసిగా ఉండేది. అడిగి మరీ సాధించుకున్నది నేనే, ఇక ఎవరి మీద కోప్పడను?

ఆఖరికి తెలంగాణ వచ్చిందని టీవీలో చెప్పిన రోజు నేను డిగ్రీలో ఉన్నాను. గల్లీ అంతా పటాసులు. కింద ఓనరాంటీ తలుపు వేసుకుని కూర్చుంది. నాయిన రంగు పూసుకున్న ముఖంతో, చేతిలో మిఠాయి డబ్బాలతో వచ్చి ముందు ఆమె తలుపు కొట్టాడు.

"ఇల్లు మీదే అక్కా. మేం కిరాయికే ఉంటం," అని ఓ డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. ఆంటీ ఏడుస్తూ నవ్వుతూ లడ్డూ కొరికింది.

తర్వాత మేడెక్కి వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఏదో అడగాలని, అడగలేక, చేతిలో డబ్బాని అటూ ఇటూ తిప్పాడు.

"నా డిమాండ్ అయిపోయింది గద," అన్నాడు. "నీది జర సడలిస్తవా? ఇయ్యాల ఒక్కనాడే."

"గట్టిగ పిలువాలె మరి," అన్నాను. "గల్లీ అంత ఇనపడాలె."

ఆయన గబగబా మెట్లు దిగి, గేటు దాటి, రోడ్డు మీదికి పోయాడు. అక్కడ ఒక చేత్తో కరెంటు స్తంభాన్ని బస్సు కడ్డీలా పట్టుకుని, రెండో చేత్తో డబ్బా పైకెత్తాడు.

"గుమ్మీ... డబ్బ మర్శినవ్."

పటాసుల మోతలోనూ వినపడింది. నేను పరిగెత్తుకుంటూ దిగి వెళ్లి, డబ్బా లాక్కుని, అందరూ చూస్తుండగా ఆ రోడ్డు మీదే నిలబడి తిన్నాను.